పంచాయతీ పురస్కారానికి దరఖాస్తు – 3వ పాఠం: అంకె పక్కన పేజీ నంబరు

పోయిన పాఠంలో ప్రశ్నావళి మొత్తం ఒక నోట్‌బుక్‌లోకి ఎక్కించుకోమన్నాను. ఎక్కించినవాళ్లు దాన్ని ముందు పెట్టుకోండి. ఎక్కించనివాళ్లు ముందు ఆ పని చేసి రండి, ఈ పాఠం ఎక్కడికీ పోదు.

2022లో జాతీయ పంచాయతీ పురస్కారాల పద్ధతి మార్చి, తొమ్మిది అంశాలుగా విడదీశారు. దీనదయాళ్ ఉపాధ్యాయ పేరిట ఒక్కో అంశానికి విడిగా పురస్కారం ఉంటుంది, అన్నింటినీ కలిపి చూసి ఇచ్చేది నానాజీ దేశ్‌ముఖ్ పేరిట ఉంటుంది. ఏ అంశమైనా జవాబు రాసే తీరు ఒకటే కాబట్టి ఇవాళ నీళ్ల అంశం ఒక్కటే పట్టుకుందాం. 2023లో మన జనగామ జిల్లా నెల్లుట్లకు పురస్కారం వచ్చింది ఈ అంశంలోనే.

ఒక సంగతి చెబుతాను. నేను పనిచేసిన మండలంలో ఒక పంచాయతీవాళ్లు ‘ఇంటింటికీ నల్లా, నూరు శాతం’ అని రాశారు. తనిఖీకి వచ్చినాయన కుర్చీలో కూర్చోకముందే ఇంటి పన్ను డిమాండ్ రిజిస్టరు అడిగాడు. అందులో ఇళ్లు 438. నల్లాల జాబితాలో 419. మిగతా 19 ఏవి? కార్యదర్శి గుక్కతిప్పుకోకుండా చెప్పాడు: బతుకుదెరువుకు పోయి తాళాలు వేసినవి 14, కూలిపోయినవి 5. అబద్ధం కాదు, నాకూ తెలుసు. కానీ ఆ మాట ఎక్కడా రాసి లేదు. నోటిమాటకు మార్కులు పడవు కదా! ఆయన తల ఊపి, పెన్ను మూసి, తరవాతి ప్రశ్నకు వెళ్లిపోయాడు. ఊళ్లో పని జరిగింది, కాగితంలో జరగలేదు.

ఆ జవాబు ఎలా రాసి ఉండాల్సిందో చూద్దాం. చాలామంది రాసేది ఇలా ఉంటుంది:

‘ప్రజలందరి సహకారంతో నీటి సమస్యను శాశ్వతంగా పరిష్కరించి గ్రామాన్ని ఆదర్శంగా తీర్చిదిద్దినాము.’

ఇందులో ఊరి పేరు తీసేసి పక్క ఊరి పేరు పెట్టినా అతుకుతుంది. అలా అతికిందంటే కొట్టేయండి. దాని బదులు:

‘మార్చి 31 నాటికి మొత్తం ఇళ్లు 438 (డిమాండ్ రిజిస్టరు). జనం ఉంటున్నవి 419, అన్నింటికీ నల్లా ఉంది. తాళం వేసినవి 14, కూలినవి 5. ఇంటి నంబర్లతో జాబితా జతచేశాం, గ్రామసభలో చదివి తీర్మానం చేశాం.’

పొగడ్త ఒక్కటీ లేదు. చదివేవాడికి అడగడానికీ ఏమీ మిగల్లేదు.

ఇంకుడు గుంతల దగ్గర ఎక్కువమంది దొరికిపోతారు. ఎన్ని తవ్వారో రాస్తారు, ఎన్ని పనిచేస్తున్నాయో రాయరు. రెండేళ్ల కింద తవ్వింది పూడిక నిండి, పైన ఎవరో బర్రెను కట్టేసి ఉంటారు. ఉపాధి హామీ ఎంబీలో (పని కొలతలు రాసే పుస్తకంలో) ఎన్ని ఎక్కాయి, ఈ వానాకాలంలో నీళ్లు ఇంకినవి ఎన్ని, రెండూ రాయండి. రెండో అంకె చిన్నదైనా రాయండి. ఊళ్లోకి వచ్చి చూసేవాళ్లకు అది ఎలాగూ కనిపిస్తుంది, మీరే ముందు చెబితే మిగతా అంకెల మీద వాళ్లకు నమ్మకం కుదురుతుంది.

ఫొటోల సంగతి. ప్రారంభోత్సవం ఫొటో, సర్పంచ్ గారి మెడలో దండ ఫొటో ఇంట్లో ఆల్బమ్‌కు పనికొస్తాయి, ఇక్కడికి కాదు. పనికి ముందూ తరవాతా ఒకే చోట నిలబడి తీసినవి కావాలి. రెండింట్లోనూ ఒకే కరెంటు స్తంభమో వేపచెట్టో కనిపించేలా తీయండి, అదే సాక్ష్యం. తేదీ, చోటు ఫొటో మీదే పడే యాప్ ఫోన్లో పెట్టుకోండి. అడిగిన ఆర్థిక సంవత్సరం దాటిన ఫొటో ఎంత బాగున్నా పక్కన పెట్టాల్సిందే.

ఇక అసలు తలనొప్పి వేరే శాఖల లెక్కలు. మీ దగ్గర జనాభా ఒకటి, ఏఎన్ఎం దగ్గర ఒకటి, అంగన్‌వాడీ టీచర్ దగ్గర ఇంకొకటి ఉంటుంది. ముగ్గురూ నిజమే చెబుతుంటారు, లెక్క తీసిన తేదీలే వేరు. అప్‌లోడ్ చేయడానికి వారం ముందు ఒక మధ్యాహ్నం వాళ్లనూ, నీళ్ల శాఖ ఇంజనీరు (ఏఈ) గారినీ పంచాయతీ ఆఫీసులో కూర్చోబెట్టండి. చాయ్ తెప్పించండి. ఏ తేదీ లెక్క వాడాలో అందరూ ఒప్పుకున్నాకే లేవనివ్వండి. మండల స్థాయి పరిశీలనలో మీ అంకెలను పోల్చి చూసేది వీళ్ల రికార్డులతోనే.

గ్రామసభ గురించి వచ్చే పాఠంలో వివరంగా చెబుతాను. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి జరగాలి, అంటే ఏడాదికి ఆరు తీర్మానాల పేజీలు ఉండాలి. మీ పుస్తకంలో ఎన్ని ఉన్నాయో ఈలోగా చూసి పెట్టుకోండి. సంతకాలన్నీ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో ఉంటే మాత్రం నాకు చూపించకండి.

ఈ వారం పని: నోట్‌బుక్‌లో ప్రతి ప్రశ్న ఎదురుగా మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో అంకె, రెండో గడిలో అది ఏ రిజిస్టరులో ఉంది, మూడో గడిలో పేజీ నంబరు. పేజీ దొరకనిచోట ఏదో ఒకటి రాసి నింపకండి, ఖాళీగానే ఉంచండి. నాలుగో పాఠం ఆ ఖాళీల దగ్గరే మొదలుపెడదాం.