గంజాయి కేసులో పేరు చేరినప్పుడు ముందస్తు బెయిల్‌కు ఎలా వెళ్లాలి

పాడేరు, చింతపల్లి ఘాట్ల మీదుగా దిగిన గంజాయి విశాఖ రైల్వే స్టేషన్‌లోనో నగర శివారు చెక్‌పోస్టులోనో దొరికినప్పుడు, కేసు చాలాసార్లు సంచులతో పట్టుబడినవారితో ఆగదు. వారు చెప్పారంటూ మరికొందరి పేర్లు ఏ3, ఏ4గా, అంటే మూడో, నాలుగో నిందితులుగా, పోలీసులు కోర్టుకిచ్చే రిమాండ్ రిపోర్టులోకి ఎక్కుతాయి. అలా పేరు ఎక్కిన కుర్రాడి తల్లిదండ్రులు కంగారులో ఏ కాగితమూ చూడకుండానే ముందస్తు బెయిల్ (అరెస్టుకు ముందే కోరే బెయిల్) పిటిషన్ వేయించడం నేను తరచుగా చూసే పొరపాటు.

ముందుగా ఎఫ్ఐఆర్, మధ్యవర్తుల నివేదిక (సరుకు పట్టుకున్నప్పుడు సాక్షుల ఎదుట రాసే పంచనామా), అరెస్టయినవారి రిమాండ్ రిపోర్టు సంపాదించండి. వాటిలో ముఖ్యంగా చూడవలసినవి రెండు: దొరికిన సరుకు బరువెంత, మీవాడి పేరు ఏ ఆధారంతో వచ్చింది.

బరువును బట్టే దారి మారుతుంది. 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక (ఎన్‌డీపీఎస్) చట్టం కింద గంజాయి కిలోకు లోపుంటే స్వల్ప పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. ఆ హద్దు దాటినా, సరుకుకు డబ్బు సమకూర్చారంటూ 27ఏ సెక్షన్ పెట్టినా, 37వ సెక్షన్ అడ్డం వస్తుంది. పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు అభ్యంతరం చెప్పే అవకాశం ఇచ్చిన తరువాత, నిందితుడు ఆ నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయనీ, బెయిల్‌పై ఉండగా మరో నేరం చేయడనీ కోర్టుకు నమ్మకం కుదరాలి. హద్దుకు లోపలి కేసుల్లో ఈ గట్టి షరతులు లేవు కనుక ముందస్తు బెయిల్‌కు మంచి అవకాశమే ఉంటుంది.

అందుకే మధ్యవర్తుల నివేదికలోని తూకం పేరాను అక్షరం అక్షరం చదవాలి. మూడు గోనె సంచులు, ఒక్కొక్కటి ఏడు కిలోలు, వెరసి 21 కిలోలు అని రాసి, తూకం సంచితో కలిపి వేశారో విడిగా వేశారో చెప్పకపోతే, ఆ ఒక్క కిలో మీదే కేసు స్వరూపం ఆధారపడుతుంది. పూత, కాయ లేని ఒట్టి ఆకులు, గింజలు చట్టం దృష్టిలో గంజాయి కావన్న సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి.

ఇక పేరు వచ్చిన తీరు. సహనిందితుడి వాంగ్మూలం తప్ప మరేమీ లేకపోతే బెయిల్ ఖాయమని కొందరు ధైర్యం చెబుతారు. ఎన్‌డీపీఎస్ అధికారుల ముందు ఇచ్చిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదని 2020లో తోఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. అయితే 2022లో సమర్థ్ కుమార్ కేసులో అదే కోర్టు, ఆ ప్రయోజనాన్ని రెగ్యులర్ బెయిల్ (అరెస్టు లేదా లొంగుబాటు తరువాత కోరే బెయిల్) దశలోనో విచారణ ముగింపులోనో కోరాలి తప్ప ముందస్తు బెయిల్‌కు కాదని స్పష్టం చేసింది. కాబట్టి వాణిజ్య పరిమాణం కేసులో ఆ ఒక్క వాదన మీద ఆధారపడవద్దు. ఫోన్ కాల్స్, ఫోన్‌పే చెల్లింపులు, పట్టుబడ్డ ఆటో ఆర్సీ వంటివి మీవాడిని సరుకుతో కలుపుతున్నాయా అన్నది లాయరుకు దాచకుండా చెప్పాలి. ఆటో అద్దెకిచ్చిన యజమాని అయితే, అద్దె కాగితం, కిరాయి అందిన వివరాలు పిటిషన్‌తో జతచేయాలి.

దరఖాస్తు భారతీయ నాగరిక సురక్షా సంహిత 482వ సెక్షన్ కింద వేస్తారు. 2024 జూలై 1కి ముందు ఇది పాత సీఆర్‌పీసీలో 438వ సెక్షన్. కేసు నమోదైన స్టేషన్ ఏ సెషన్స్ కోర్టు పరిధిలోనిదో చూసుకుని మామూలుగా ముందు అక్కడ వేసి, కొట్టేస్తే అమరావతిలోని హైకోర్టుకు వెళ్తారు. పాత కేసులుంటే అఫిడవిట్‌లో తప్పక చెప్పండి, ఎందుకంటే దాచినది ప్రాసిక్యూటర్ నోట బయటపడితే మిగతా మాటలకు విలువ పోతుంది.

పిటిషన్ వేసినంత మాత్రాన అరెస్టు ఆగదు. ఆ రోజుల్లో ఊరు విడిచిపోవడం, చాట్లు చెరిపేయడం చేస్తే మీ చేతులతో మీరే ఆధారం ఇచ్చినట్లు. విచారణకు రమ్మంటూ అదే సంహిత 35(3) సెక్షన్ కింద పోలీసుల నోటీసు వస్తే లాయరును వెంటబెట్టుకుని హాజరు కండి. పేరు తీయిస్తామంటూ డబ్బడిగే దళారులను గుమ్మం దాటనివ్వకండి. లాయరును పెట్టుకునే స్థోమత లేనివారు 15100కు ఫోన్ చేస్తే న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచిత సహాయం కోరవచ్చు.

వాణిజ్య పరిమాణం కేసులో ముందస్తు బెయిల్ రాకపోతే, లాయరు సలహాతో కోర్టులో లొంగిపోయి రెగ్యులర్ బెయిల్ వేయడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే తోఫాన్ సింగ్ తీర్పును వాదించడానికి అప్పుడే వీలు కలుగుతుంది. ఉత్తర్వు మంజూరైతే మాత్రం దాని ధ్రువీకృత నకలుతో జామీనుదారులను తీసుకుని గడువులోగా వెళ్లి, స్టేషన్‌లో సంతకం పెట్టవలసిన రోజులను క్యాలెండరులో గుర్తుపెట్టుకోండి.