కారు తలుపులకు ఇంట్లోనే కొత్త రెగ్జిన్

నల్లగొండ ఎండలకు మా కారు తలుపుల లోపలి రెగ్జిన్ ఉబ్బి, అద్దం అంచు దగ్గర ఊడి వేలాడసాగింది. ఇలాంటి చోట ముందుగా చెడేది చాలాసార్లు రెగ్జిన్ కాదు, దాని వెనుక ఉండే స్పాంజి. వేడికి అది పొడిగా రాలి పట్టు వదిలేస్తుంది.

పిడి వెనుక దాగిన స్క్రూలు విప్పి, క్లిప్పులు ఒక్కొక్కటే లేపి, స్విచ్చు వైరు తీశాక ప్యానెల్ బయటికి వచ్చింది. అసలు శ్రమ ఆ తర్వాతే. పసుపుపచ్చని స్పాంజి పొడిని నైలాన్ బ్రష్‌తో చివరి రేణువు దాకా గీకాలి. అది మిగిలితే ఎంత మంచి జిగురైనా ఆ పొడికే అంటుకుంటుంది, ప్యానెల్‌కు కాదు.

కొత్త రెగ్జిన్‌ను చుట్టూ రెండంగుళాలు ఎక్కువగా కత్తిరించాను. సింథటిక్ రబ్బరు జిగురును ప్యానెల్‌కూ, రెగ్జిన్ వెనుక వైపుకూ పలుచగా పూసి, వేలికి అంటనంతగా ఆరాక, మధ్య నుంచి అంచులకు నొక్కుతూ వెళ్లాను. దాని ఆవిరి ఘాటైనది, త్వరగా మండుతుంది కూడా. కాబట్టి గాలి ఆడే వరండాలోనే పూయండి. పిడి గుంత దగ్గర మాత్రం, జిగురు ఆరాకే, హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి సాగదీయాలి. రెగ్జిన్ మెత్తబడి గుంతలోకి ముడత లేకుండా ఒదిగిపోతుంది. అంచులు వెనక్కి మడిచి అతికించి, మర్నాడు బిగించాను.