గడ్డం మీద వెంట్రుకలకు లేజర్ చేయించుకునే ముందు

గడ్డం కింద వెంట్రుకలు బిరుసుగా వస్తూ, నెలసరి కూడా తప్పుతుంటే ముందు గైనకాలజిస్టును కలవండి. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే, అండాశయాల సమస్య) ఉందేమో చూపించుకోండి. హార్మోన్లు సర్దుకోకపోతే లేజర్ చేయించినా కొత్తవి మొలుస్తూనే ఉంటాయి. కొద్ది నెలల్లోనే ఒక్కసారిగా పెరిగి, గొంతు కూడా బొంగురుపోతుంటే అసలు ఆలస్యం చేయకండి.

లేజర్ కాంతిని పట్టుకునేది వెంట్రుక కుదుట్లోని నల్లరంగే. అందుకే నాలుగు వారాల ముందు నుంచి థ్రెడింగ్, వ్యాక్సింగ్, ప్లకర్ ఆపేయాలి. వెంట్రుక కుదురుతో సహా ఊడిపోతే కాంతికి పట్టు దొరకదు. ముందురోజు రేజర్‌తో గీసుకోండి. గీస్తే మందంగా వస్తాయన్నది వట్టి అపోహ. కొస మొద్దుగా తెగుతుంది కాబట్టి చేతికి గరుకుగా తగులుతుంది, అంతే.

చామనఛాయకు, నలుపుకు 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజర్ ఎక్కువ భద్రం. ఏ యంత్రం వాడుతున్నారో మొహమాటపడకుండా అడగండి. రంగుకు సరిపడనిదైతే చర్మం కాలి మచ్చలు పడతాయి. సాధారణంగా 4–6 వారాల ఎడంతో 6–8 సార్లు వెళ్లాలి. అన్నాళ్లూ సన్‌స్క్రీన్ తప్పనిసరి.

తెల్లవెంట్రుకల మీద లేజర్ పనిచేయదు, వాటికి ఎలక్ట్రాలసిస్ (సన్నని సూదితో కరెంటు పంపి ఒక్కో వెంట్రుక కుదురును చంపే పద్ధతి) ఉంది. బుగ్గల మీది సన్నని నూగుకైతే లేజర్ వద్దే వద్దు. ఒక్కోసారి అది ఇంకా ఎక్కువవుతుంది. దానికి దారం చాలు.