గాలి కోతను పొలంలో కొలిచే విధానం

గాలికి నేల ఎంత కొట్టుకుపోతోందో కొలవదలచినవారు ముందుగా చదునైన, ఏ వైపునా అడ్డులేని స్థలాన్ని ఎంచుకుని, గాలి దిశకు తనంతట తానే తిరిగే తోక గల ధూళి సేకరణ పెట్టెలను ఒక కంబానికి వేర్వేరు ఎత్తుల్లో బిగించాలి. అన్నిటికన్నా తేలికగా కదిలేవి సుమారు 0.1 మిల్లీమీటరు వ్యాసం గల రేణువులే. అంతకన్నా సన్నని ధూళి ఒకదానికొకటి అంటుకుని ఉంటుంది కాబట్టి, గెంతుతూ వచ్చే ఇసుక తాకిడికే అది ఎక్కువగా పైకి లేస్తుంది. ఈ గెంతులు చాలావరకు నేలకు దగ్గరలోనే జరుగుతాయి కనుక, పెట్టెల్లో ఎక్కువ వాటిని కిందనే ఉంచాలి. పైన ఒకటి రెండు చాలు.

పక్కనే మూడు నాలుగు ఎత్తుల్లో గాలి వేగమాపకాలను అమర్చాలి, ఎందుకంటే ఎత్తుతో పాటు వేగం పెరిగే తీరు నుంచే ఘర్షణ వేగాన్ని, అంటే గాలి నేలను ఎంత బలంగా ఒరుసుకుంటోందో చెప్పే కొలతను, లెక్కగడతారు. ఇసుక ప్రవాహం ఈ ఘర్షణ వేగపు ఘనాన్ని అనుసరించి పెరుగుతుందని ఎడారి ఇసుక కదలికను అధ్యయనం చేసిన బ్రిటిష్ ఇంజనీరు రాల్ఫ్ బాగ్నాల్డ్ 1930లలోనే చూపాడు. అంటే ఇక్కడ 10 శాతం పొరపాటు జరిగితే ఫలితంలో అది సుమారు 33 శాతం అవుతుంది. ఖరీదైన పెట్టెల కన్నా ఈ మాపకాల సవరింపు మీదే శ్రద్ధ పెట్టడం మంచిదని నా అభిప్రాయం.

గాలివాన వస్తే ఆ నమూనాను విడిగా లెక్కించాలి, తడి నేల సులభంగా కదలదు. పొడి గాలిదుమారం తగ్గాక ప్రతి పెట్టెలోని మట్టిని ఆరబెట్టి తూచి, ఆ బరువును పెట్టె నోటి వైశాల్యంతోనూ దుమారం సాగిన కాలంతోనూ భాగించి, వచ్చిన విలువలను ఎత్తుకు ఎదురుగా గ్రాఫులో గుర్తించి, ఆ వక్రరేఖ కింది వైశాల్యాన్ని మొత్తం ప్రవాహంగా తీసుకోవాలి.