డిజిటల్ వచ్చినంత మాత్రాన హెచ్‌డీ వచ్చినట్టు కాదు

కేబుల్ ప్రసారాల డిజిటలీకరణ రెండవ దశలోని 38 నగరాలలో విశాఖపట్నం ఒకటి; ఆ దశకు కేంద్ర ప్రభుత్వం విధించిన గడువు 2013 మార్చి 31. నాటి నుంచి సెట్‌టాప్ బాక్సు ఇంటింటికీ చేరినా, డిజిటల్, హెచ్‌డీ (హై డెఫినిషన్, అంటే మరింత స్పష్టమైన చిత్రం) ఒకటేనన్న భ్రమ ఇంకా పోలేదు.

డిజిటల్‌కు ముందున్న పాత అనలాగ్ ప్రసారాలలో సిగ్నల్ బలహీనపడితే తెరపై చుక్కలు కురిసేవి, బొమ్మ మాత్రం మసకగానైనా కనిపించేది. డిజిటల్‌లో బొమ్మ అంకెల రూపంలో వస్తుంది కనుక సిగ్నల్ కొంత తగ్గినా స్పష్టత చెడదు. హద్దు దాటితే మాత్రం గళ్లుగళ్లుగా చెదిరి నిలిచిపోతుంది. బీచ్ రోడ్డు వంటి తీర ప్రాంతాలలో ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పడతాయి కాబట్టి, ఆపరేటరును నిందించే ముందు వాటిని చూడడం మంచిది.

సాధారణ డిజిటల్ చిత్రంలో 576 అడ్డగీతలు ఉంటే, హెచ్‌డీలో 720 గానీ 1080 గానీ ఉంటాయి. ఆ స్పష్టత దక్కాలంటే టీవీ, బాక్సు, ఛానల్ మూడూ హెచ్‌డీవే కావాలి. వాటిని కలిపే తీగ కూడా అందుకు తగినదై ఉండాలి. చాలా ఇళ్లలో పొరపాటు ఈ తీగ దగ్గరే జరుగుతుంది: పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల పాత తీగలో పసుపుది హెచ్‌డీ చిత్రాన్ని మోయలేదు, హెచ్‌డీఎంఐ తీగ వాడాలి. ఆ తరువాత బాక్సు సెట్టింగులలో 1080ను, 16:9 నిష్పత్తిని (తెర వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) ఎంచుకోవాలి. పాత 4:3 కార్యక్రమాలను తెర నిండా సాగదీస్తే మనుషులు లావుగా కనిపిస్తారు. పక్కల నల్లపట్టీలు ఉండనివ్వడమే నయం.