మెదడు, నాడీ వ్యవస్థ ఎలా పనిచేస్తాయో మన ఒంటి మీదే ఎలా తెలుసుకోవాలి?

పదో తరగతి దాటినవాళ్ళంతా ఎప్పుడో ఒకసారి మెదడు బొమ్మ వేసి భాగాలు గుర్తించినవాళ్ళే. మస్తిష్కం, అనుమస్తిష్కం, మజ్జాముఖం, వెన్నుపాము. పరీక్ష రాసి బయటికి రాగానే ఆ పేర్లు సగం ఎగిరిపోతాయి. అదే పాఠాన్ని మన ఒంటి మీద చూసుకుంటే మాత్రం మర్చిపోవడం కష్టం. మా అబ్బాయికి నేను అలాగే చెప్పాను. ఒక ఆదివారం మధ్యాహ్నం సరిపోయింది.

కావలసినవి: 30 సెంటీమీటర్ల స్కేలు, ఒక జెమ్‌క్లిప్, ఫోన్ టార్చి, కూర్చుంటే కాళ్ళు నేలకు తగలనంత ఎత్తున్న బల్ల, తోడుగా ఇంకొకరు.

1. ముందు తల తడిమి చూసుకోండి

రెండు అరచేతులూ తల మీద పెట్టుకోండి. కుడి చేతి కింద పెద్దమెదడు (మస్తిష్కం) కుడి సగం, అంటే కుడి అర్ధగోళం, ఎడమ చేతి కింద ఎడమ అర్ధగోళం. అన్నీ కలిపి మెదడు బరువు సుమారు 1.3 నుంచి 1.4 కిలోలు. ఒంటి బరువులో రెండు శాతమే, కానీ మనం తిన్న తిండి ఇచ్చే శక్తిలో దాదాపు 20 శాతం అదే వాడుకుంటుంది.

నుదురు వెనక ఉన్న భాగం ఆలోచించి నిర్ణయం తీసుకుంటుంది. చెవుల దగ్గర లోపల ఉన్న మెదడు భాగం వినికిడిని, జ్ఞాపకాలను చూసుకుంటుంది. చూపు సంగతి తల వెనక భాగానిది. కళ్ళు ముందుంటే చూసే మెదడు వెనకుండటం మా అబ్బాయికి అన్నిటికంటే వింతగా అనిపించింది. దాని కిందే చిన్నమెదడు, అంటే అనుమస్తిష్కం. తల మెడతో కలిసేచోట లోపల ఉండేది మజ్జాముఖం. ఊపిరి, గుండె వేగం దాని అదుపులో ఉంటాయి.

అక్కడి నుంచి వెన్నుపాము దిగుతుంది. చిటికెనవేలంత లావు, సుమారు 45 సెంటీమీటర్ల పొడవు. అది నడుము పైభాగంలోనే ఆగిపోతుంది, కింది దాకా రాదు. సిజేరియన్ అప్పుడు ఇచ్చే మత్తుసూది వెన్నుపాములో గుచ్చుకుంటుందని చాలామంది ఆడవాళ్ళు భయపడతారు. ఆ సూది ఇచ్చేది వెన్నుపాము ముగిసిన చోటుకు కిందనే.

2. మోకాలు తట్టండి

బల్ల మీద కూర్చోబెట్టి కాళ్ళు వేలాడనివ్వండి. మోకాలి చిప్పకు సరిగ్గా కింద, నొక్కితే పట్టీలా తగిలే చోటు ఒకటి ఉంటుంది. అరచేతి అంచుతో అక్కడ చిన్న దెబ్బ వేయండి. గట్టిగా కాదు, చటుక్కున. కాలు ముందుకు ఎగురుతుంది.

మొదటి రెండుసార్లు మావాడికి రాలేదు. వాడి ధ్యాసంతా కాలి మీదే ఉంది, కాలు బిగపట్టేశాడు. అప్పుడు రెండు చేతుల వేళ్ళూ ఒకదానిలో ఒకటి కొక్కెంలా వేసి బయటికి గట్టిగా లాగమన్నాను. డాక్టర్లు చేసేది కూడా ఇదే. ఈసారి కాలు ఠక్కున లేచింది. "నాన్నా, నేను లేపలేదు, అదే లేచింది!" అన్నాడు. వాడికి పాఠం అర్థమైంది ఆ మాటతోనే.

జరిగింది ఇది. దెబ్బకు తొడ కండరం కొంచెం సాగింది. ఆ కబురు జ్ఞాన నాడి వెంట వెన్నుపాముకు చేరింది. వెన్నుపాము అక్కడికక్కడే చాలక నాడి ద్వారా "బిగుసుకో" అని కండరానికి ఆజ్ఞ పంపింది. మధ్యలో దాటాల్సిన నాడీకణ సంధి, అంటే ఒక నాడీకణం ఇంకోదానికి కబురు అందించే చోటు, ఒక్కటే. ఇదే ప్రతీకార చర్య (రిఫ్లెక్స్). కాలు లేచాకే మెదడుకు సంగతి తెలుస్తుంది. కాలు మామూలు కంటే మరీ ఎక్కువ ఎగిరినా, అసలు లేవకపోయినా డాక్టరు ఇంకా పరీక్షలు చేస్తారు. కొందరు ఆరోగ్యవంతులకు కూడా సరిగా రాదు, మీ ఇంట్లో రాలేదని టెన్షన్ పడకండి.

3. స్కేలు పట్టుకోండి

ఇప్పుడు మెదడు వంతు. ఒకరు స్కేలును పైన పట్టుకుని నిలువుగా వేలాడదీయాలి. రెండోవారు సున్నా దగ్గర బొటనవేలు, చూపుడువేలు తెరిచి ఉంచాలి, తాకకూడదు. చెప్పకుండా వదిలేయండి. ఎన్ని సెంటీమీటర్ల దగ్గర పట్టుకున్నారో చూడండి. 10 అయితే సుమారు 0.14 సెకను, 15 అయితే 0.17, 20 అయితే 0.20, 25 అయితే 0.23.

ఆ కొద్దిపాటి వ్యవధిలో కబురు కంటి నుంచి తల వెనక్కి, అక్కడి నుంచి ముందు భాగానికి, మజ్జాముఖం దగ్గర పక్క మారి, వెన్నుపాము మీదుగా వేళ్ళకు చేరింది. కుడి చేతిని కదిలించేది ఎడమ మెదడు. పక్క మారడం గుర్తుంచుకోండి, చివర్లో అవసరమవుతుంది.

ఇదే ఆట ఫోన్‌లో మాట్లాడుతూ మళ్ళీ ఆడండి. చాలామందికి స్కేలు ఇంకా కిందికి జారిపోతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బండి 0.2 సెకనులో మూడు మీటర్లు దాటుతుంది. బండి నడిపే పిల్లలున్న ఇంట్లో ఈ లెక్క తప్పకుండా చెప్పాలి.

4. జెమ్‌క్లిప్‌తో చర్మాన్ని అడగండి

క్లిప్పును ‘యు’ ఆకారంలో వంచి రెండు కొనలూ సమంగా ఉంచండి. ఎదుటివాళ్ళను కళ్ళు మూసుకోమని, రెండు కొనలూ ఒకేసారి మెల్లగా ఆనించి "ఒకటా, రెండా?" అని అడగండి. వేలి కొన మీద రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం ఉన్నా రెండని చెప్పేస్తారు. వీపు మీద నాలుగు సెంటీమీటర్ల దాకా జరిపినా ఒకటే అంటారు.

వేలి కొనల్లో జ్ఞాన నాడుల చివరలు దట్టంగా ఉంటాయి. మెదడు కూడా వేళ్ళకు, పెదాలకు ఎక్కువ చోటు కేటాయించింది. హెయిర్‌బ్యాండ్ పెట్టుకునే చోట, చెవి నుంచి చెవి దాకా ఉండే ఒక పట్టీలో ఒంటి పటం మొత్తం ఉంటుంది. కెనడాలోని మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్ అనే సర్జన్ మెలకువగా ఉన్న రోగుల మెదడును చిన్న కరెంటుతో తాకి ఈ పటం గీశాడు, 1937లో ప్రచురించాడు. మెదడుకు సొంతంగా నొప్పి తెలియదు కాబట్టి అలా చేయగలిగాడు. చేపల పులుసు అన్నంలో సన్నటి ముల్లు కంటికి కనపడకపోయినా వేలికి దొరకడం ఈ పటం చలవే.

5. చిన్నమెదడు, కనుపాప, నాడి

ఒక కాగితాన్ని కళ్ళ ముందు గబగబా అటూ ఇటూ ఊపుతూ చదవండి. అక్షరాలు అలికినట్టవుతాయి. కాగితం కదల్చకుండా అంతే వేగంతో తల ఊపండి, చదవగలుగుతారు. లోపలి చెవి నుంచి తల కదలిక తెలుసుకుని, మెదడు కాండం (మెదడును వెన్నుపాముతో కలిపే భాగం) కళ్ళను అంతే వెనక్కి తిప్పుతోంది. ఆ లెక్క తప్పకుండా సరిదిద్దేది చిన్నమెదడు. మద్యం దెబ్బ ముందుగా తగిలే చోట్లలో అదొకటి, అందుకే అడుగులు తడబడతాయి.

టార్చి వెలుగు ఒక కంటి మీద పక్క నుంచి ఒక్క క్షణం వేయండి. రెండు కనుపాపలూ చిన్నవవుతాయి. తర్వాత మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నిదానంగా గాలి పీల్చి వదలండి. పీల్చినప్పుడు కొంచెం వేగం, వదిలినప్పుడు నెమ్మది. మనం చెప్పకుండానే పనిచేసే స్వయంచాలిత నాడీ వ్యవస్థ ఇది.

6. ఈ పాఠం ప్రాణం కాపాడే చోటు

మా పెదనాన్నగారికి ఒకరోజు పొద్దున కాఫీ గ్లాసు కుడిచేతిలోంచి జారిపోయింది. మాట ముద్దగా వచ్చింది. నీరసం అనుకుని మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టాం. మధ్యాహ్నానికి గానీ ఆస్పత్రికి వెళ్ళలేదు. కుడిచేయి అంటే ఎడమ మెదడు, చాలామందికి మాట కూడా ఎడమ మెదడులోనే ఉంటుంది. రెండూ ఒకేసారి పోతున్నాయంటే అక్కడ రక్తం ఆగిందని, అది పక్షవాతం (స్ట్రోక్) అని ఆ రోజు మాలో ఎవరికీ తట్టలేదు.

అలాంటి అనుమానం వస్తే నవ్వమనండి, మూతి ఒక పక్కకు పోతోందా చూడండి. కళ్ళు మూసుకుని రెండు చేతులూ ముందుకు చాచమనండి, ఒకటి కిందికి జారుతోందా చూడండి. ఒక మాట తిరిగి చెప్పించండి. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా 108కి ఫోన్ చేయండి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు, ముందు స్కానింగ్ తీయాలి. కాబట్టి స్కానింగ్ ఉన్న ఆస్పత్రికే తీసుకెళ్ళండి. నోట్లో నీళ్ళు, మాత్రలు వేయకండి, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మనిషి చివరిసారి మామూలుగా కనిపించిన టైము కాగితం మీద రాసి డాక్టరు చేతికివ్వండి. ఆయన మొదట అడిగేది అదే.