ఊరవేసిన కూరగాయలు చిరుతిండిగా: ఎంత తినాలి, ఎలా తినాలి

ఆకలేసినప్పుడు వేపుళ్ల బదులు ఊరవేసిన దోస, క్యారెట్, క్యాబేజీ ముక్కలు తినడం మంచిదే. కేలరీలు తక్కువ, పీచు కొంత అందుతుంది. చిక్కంతా ఉప్పుతోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు పెట్టిన హద్దు రోజుకు 2000 మిల్లీగ్రాముల సోడియం, అంటే సుమారు 5 గ్రాముల ఉప్పు. సీసా మీద 100 గ్రాములకు 800 మిల్లీగ్రాముల సోడియం అని ఉంటే, 50 గ్రాముల ముక్కల్లోనే 400 వచ్చేస్తుంది. అందుకే సీసాలోంచి నేరుగా తినకుండా గిన్నెలోకి తూచి తీసుకోండి. నీళ్లతో కడిగితే ఉప్పు కొంత పోతుంది. ఊట మాత్రం తాగొద్దు.

మేలుచేసే బ్యాక్టీరియా కావాలంటే వెనిగర్ పోసినవి పనికిరావు. ఉప్పునీటిలో పులిశాక వేడిచేయకుండా ఫ్రిజ్‌లో ఉంచినవే ఎంచుకోండి. బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ని అడగాలి.